తొమ్మిదీ నలభైకి మాట్లాడిన మనిషి

చనిపోయిన మనిషి బల్ల మీద ఫోన్ మోగేసరికి డిటెక్టివ్ నోరా పావ్లక్ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. గడియారం చూసుకుంది. పన్నెండూ యాభై. చేతికి రబ్బరు తొడుగు ఉండనే ఉంది. రిసీవర్ ఎత్తింది.

"హార్లన్‌కి ఇవ్వమ్మా. టల్సా నుంచి మర్విన్ టీగ్‌ని," అన్నాడు అవతలి మనిషి ఆదరాబాదరాగా.

హార్లన్ వైత్ ఆ ఉదయం ఏడూ పదికి ఇదే గదిలో, ఇదే కుర్చీలో శవమై కనిపించాడు. బఫలో హెరన్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి ఇరవై రెండేళ్లుగా ఆయనే జనరల్ మేనేజర్. ఏ ఆటగాణ్ణి తెచ్చుకోవాలో, ఎవణ్ణి ఇచ్చేయాలో ఆయనే తేల్చేవాడు. ఈ సీజన్లో ఆటగాళ్లను మార్చుకోవడానికి గడువు ఈ మధ్యాహ్నం మూడు గంటలు. అప్పటిదాకా చావు కబురు బయటికి పొక్కనివ్వవద్దని లీగ్ వాళ్లు పోలీస్ కమిషనర్‌ని బతిమాలి ఒప్పించుకున్నారు. టల్సా జట్టు మేనేజరుకి సంగతి తెలిసే అవకాశం లేదు.

"ఆయన పనిలో ఉన్నారు. ఏ విషయం గురించి?" అంది నోరా.

"పొద్దున మాట్లాడుకున్న విషయమే."

"పొద్దున... ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభైకి. నువ్వు కొత్తగా చేరావా ఏంటి? నాలుగు నిమిషాలు మాట్లాడాడు. రెండున్నరకి మొబైల్‌కి చెయ్యమన్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. మొబైల్ చూస్తే ఆపేసి ఉంది, అందుకే ఆఫీసుకి చేశా."

"మాట్లాడింది ఆయనేనా, సార్?"

అవతల నవ్వు వినిపించింది. "పదిహేనేళ్లుగా ఆ గొంతుతో తిట్లు తింటున్నానమ్మా. నిద్రలో వినిపించినా లేచి కూర్చుంటా. ఆయన నన్ను 'ఒరే బుడతా' అంటాడు. నాకు యాభై మూడేళ్లు. లోకంలో ఇంకెవడన్నా అంటే ఊరుకుంటానా? రెండున్నరకి చేస్తానని చెప్పు."

లైన్ తెగిపోయింది.

నోరా రిసీవర్ పెట్టేసింది. శవాన్ని ఎనిమిదీ నలభై ఐదుకి తీసుకెళ్లారు. స్ట్రెచర్ వెంట లిఫ్టు దాకా నడిచింది తనే. రాత్రి తొమ్మిదికీ పదకొండుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. కళ్లలో ఎర్రటి చుక్కలు ఉన్నాయి, ముక్కులో తెల్లటి తువ్వాలు పోగులు ఉన్నాయి. ఎవరో మొహం మీద తువ్వాలు అదిమిపట్టి ఊపిరి ఆపేశారు. ఆయన మొబైల్ మాత్రం కనిపించలేదు.

ఆ కుర్చీ తోలు మీద వీపు ఆనిన గుంట ఇంకా నిండలేదు. గదిలో ఎవరో కూర్చునే ఉన్నట్టుంది. నోరా కుర్చీని కాస్త పక్కకి తిప్పి మళ్లీ గోడవైపు చూసింది.

గోడ నిండా ఇనుప బోర్డు. లీగ్‌లోని ముప్పై జట్లకు ముప్పై నిలువు వరసలు, ఒక్కో ఆటగాడికి పేరు రాసిన ఒక్కో అయస్కాంతపు పలక. హెరన్స్‌కి మాత్రం మూడు వరసలు ఉన్నాయి: ఈ ఏడు, వచ్చే ఏడు, ఆపై ఏడు. మూడేళ్ల తర్వాత బంతి నడిపేవాడు ఎవడు, బుట్ట కింద నిలబడే పొడుగువాడు ఎవడు, ఎవడి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, ఎవడి మోకాలు ఎన్నాళ్లు ఆగుతుంది అన్నదంతా సన్నటి అక్షరాల్లో పొందిగ్గా రాసి ఉంది. ఆట గురించి నోరాకి తెలిసింది తక్కువే. అయినా ఆ గోడ చూస్తుంటే, దాన్ని అమర్చిన బుర్ర మామూలుది కాదని తెలుస్తూనే ఉంది.

టల్సా వరసలో ఒక చోట ఖాళీ ఉంది. అక్కడ ఉండాల్సిన పలక శవం కుడి పిడికిట్లో దొరికింది. వేళ్లు విడదీయడానికి డాక్టరుకి చాలాసేపు పట్టింది. దాని మీద పేరు: జలానీ ప్రూట్. హెరన్స్ జట్టుకి ప్రాణం లాంటి ఆటగాడు. ఈరీ ఊళ్లో ఒక చర్చి వెనకాల పదిహేనేళ్ల వయసులో ఆడుకుంటుంటే హార్లన్ స్వయంగా చూసి పట్టుకున్న కుర్రాడు.

"గోడకి దణ్ణం పెట్టుకోవడం అయ్యిందా, డిటెక్టివ్ గారూ?"

గుమ్మంలో గ్రాంట్ ఓస్లర్ నిలబడి ఉన్నాడు. లీగ్ భద్రతా విభాగం పెద్ద. అంతకుముందు పాతికేళ్లు ఫెడరల్ ఏజెంటుగా చేశాడు. బఫలో పోలీసులంటే బడిపిల్లలని ఆయన లెక్క. తెల్లవారుజామున పక్కూళ్లో ఏదో పని మీద ఉండి, తొమ్మిదికల్లా ఇక్కడ వాలిపోయాడు.

"టల్సా వాళ్లకి పొద్దున తొమ్మిదీ నలభైకి హార్లన్ ఫోన్ చేశాడట," అంది నోరా.

ఓస్లర్ కనుబొమలు కదిలాయి. మరుక్షణమే మొహం సర్దుకున్నాడు. "ఎవడో ఆకతాయి. నేను మీకు అసలు సంగతి చెప్పనా? గేటు కార్డుల లెక్క చూశారా మీరు?"

"చూశాను."

"అయితే ఇంకా ఆలోచిస్తారేం? నిన్న రాత్రి ఈ అంతస్తులో ముగ్గురే ఉన్నారు. హార్లన్, ఆయన సెక్రటరీ రూత్ కాల్డర్, ఆయన కింద పనిచేసే వెండెల్ క్రౌచ్. క్రౌచ్ తొమ్మిదీ యాభై ఎనిమిదికి బయటికెళ్లాడు. పదీ అయిదుకి హార్లన్ నాకు ఫోన్ చేశాడు. నాకు! ప్రూట్ మార్పిడి కాగితాల గురించి మూడు నిమిషాలు మాట్లాడాడు. అంటే క్రౌచ్ వెళ్లేసరికి ఆయన బతికే ఉన్నాడు. రూత్ పదిన్నరకి వెళ్లింది. మధ్యలో ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ చేతికి బేడీలు వెయ్యడానికి మీకు ఇంకా ముహూర్తం కుదరలేదా?"

"పందొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి ఎందుకు చంపుతుంది?"

"అది మీరు అడిగి తెలుసుకోండి. జీతం మీకిస్తున్నది అందుకే. మూడింటికి నేను పత్రికల వాళ్ల ముందు నిలబడాలి. నా నోట ఒక పేరు పలకాలి."

"మీ నోట ఏ పేరు పలికినా ఆ పూచీ మీది. ఈ గది మాత్రం నాది, ఓస్లర్ గారూ. గుమ్మం అవతల నిలబడి మాట్లాడండి."

ఆయన కదల్లేదు. కానీ లోపలికి అడుగు కూడా వెయ్యలేదు.

నోరా మళ్లీ పనిలో పడింది. రాత్రి పదీ అయిదుకి ఓస్లర్‌కి, పొద్దున తొమ్మిదీ నలభైకి టీగ్‌కి. రెండు ఫోన్లూ కనిపించకుండా పోయిన అదే మొబైల్ నుంచి వచ్చాయి. ఒకటి బతికుండగా, ఒకటి చచ్చాక? రెండూ చచ్చాకే అయితే?

బోర్డు కింద అరలో వాడని పలకలున్న రేకు డబ్బా ఉంది. ఆట మానేసిన వాళ్ల పేర్లు, ఎప్పుడో వదిలేసిన వాళ్ల పేర్లు. ఉదయం తన మనుషులు దాన్ని తెరిచి చూసి మూసేశారు. నోరా పలకలన్నీ బల్ల మీద కుమ్మరించింది. అడుగున చిన్న అట్టముక్కలు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. చేతిరాత హార్లన్‌దే. పై ముక్కల మీద గట్టిగా, కిందికి పోతున్నకొద్దీ వంకరగా ఉంది.

"లిఫ్టు దిగాక ఎడమవైపు."

"రూత్. నా సెక్రటరీ. ఎర్ర కళ్లజోడు."

"మార్తా చనిపోయింది. ఎక్కడుందని ఎవర్నీ అడక్కు."

నోరా ఒక్కొక్కటే తిప్పుతోంది. నాలుగు వందల యాభై మంది ఆటగాళ్ల ఎత్తూ బరువూ నోటికి చెప్పేవాడని పేరున్న మనిషి. తన సెక్రటరీ కళ్లజోడు రంగు రాసుకుని ఈ డబ్బాలో దాచుకున్నాడు. 

ఆఖరి ముక్క మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"ఫోన్ మోగితే ఎత్తకు. వెండెల్‌కి ఇచ్చెయ్. ఎవరికీ తెలీదు."

నోరా దాన్ని రెండుసార్లు చదివింది. రూత్‌ని పిలిపించింది.

రూత్ కాల్డర్‌కి అరవై దాటాయి. ఎర్ర కళ్లజోడు వెనక కళ్లు ఉబ్బి ఉన్నాయి. నోరా అట్టముక్కలు చూపించగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీకు తెలుసా?"

"పోయిన క్రిస్మస్‌కి నన్ను మార్తా అని, చనిపోయిన భార్య పేరుతో పిలిచాడమ్మా. నేను సరిదిద్దలేదు. ఏమని సరిదిద్దను? ఆ మనిషి నాకేసి చూసి అంత సంతోషంగా నవ్వుతుంటే."

"నిన్న రాత్రి పదిన్నర దాకా ఎందుకున్నారు?"

"ఒంటరిగా ఇంటికి పంపడానికి భయమేసి. రోజూ ఆయన్ని కారు ఎక్కించి వెళ్తా. నిన్న ఎంతకీ బయటికి రాలేదు. తలుపు తట్టాను, పలకలేదు. గోడ ముందు కూర్చుంటే ఒక్కోసారి పలకడు. సోఫాలోనే పడుకుంటాడులే అనుకున్నా." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "తలుపు తీసి చూడాల్సింది."

"రూత్ గారూ, వెండెల్ క్రౌచ్ ఫోన్లో మాట్లాడటం ఎప్పుడైనా విన్నారా?"

"పాపం, అతను ఫోన్లో ఎలా మాట్లాడతాడు? మాట మాటకీ నత్తే కదా. తన పేరు తను చెప్పుకోవడానికే అర నిమిషం." ఆగింది. ఏదో గుర్తొచ్చింది. "అయితే ఒకటి. పార్టీల్లో అందరూ బలవంతం చేస్తే హార్లన్‌ని అనుకరించేవాడు. అప్పుడు నత్తి ఉండేది కాదు. ఒక్క తడబాటు కూడా. మేమంతా పడిపడి నవ్వేవాళ్లం. హార్లన్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు."

"ఇప్పుడూ చేస్తాడా?"

"లేదు. రెండేళ్ల కిందట మానేశాడు. ఎంత అడిగినా చెయ్యడు."

రెండేళ్లు. నోరాకి వంటింటి రేడియో గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం హార్లన్ రేడియోలో అరగంట మాట్లాడేవాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆమె నాన్న, గిన్నెలు కడుగుతూ ఆ గొంతుతో దెబ్బలాడేవాడు. రెండేళ్ల కిందట ఆ కార్యక్రమం కూడా ఆగిపోయింది. తీరిక లేదన్నారు.

గుమ్మం దగ్గర ఓస్లర్ అంతా విన్నాడు. "ఇది మరీ బాగుంది," అన్నాడు. "రెండేళ్లుగా ముప్పై జట్లూ ఒక నత్తివాడితో బేరాలాడాయంటారా? నేను కూడానా?"

"నేనింకా ఏమీ అనలేదు. మీరే అంటున్నారు."

రెండూ రెండుకి కింద ఉన్న సాంకేతిక నిపుణుడు వైర్లెస్‌లో చెప్పాడు: హార్లన్ మొబైల్ ఆన్ అయింది. ఇదే భవనంలో ఉంది. సోదాకి జడ్జి ఉత్తర్వు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

"వెండెల్ క్రౌచ్‌ని పైకి రమ్మనండి," అంది నోరా. "మర్యాదగా పిలవండి."

అతను వచ్చి గోడకేసి చూసి, తర్వాత కుర్చీకేసి చూసి, నిలబడే ఉండిపోయాడు. నలభై ఐదేళ్లుంటాయి. ముడతలు పడిన కోటు, శుభ్రంగా కత్తిరించుకున్న గోళ్లు.

"కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, ఇక్కడ."

"మే... మే... మేడమ్, నేను పొ... పొద్దున్నే అంతా..."

"చెప్పారు. ఒక్క సంగతి అర్థం కాక పిలిచా. ఈ మూడు వరసలూ ఎవరి రాత?"

అతని మొహంలో వెలుగులాంటిది ఒకటి వచ్చి పోయింది. "నా... నాదే."

"ప్రూట్ లాంటి వాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?"

"వే... వేసవిలో అతని ఒప్పందం అ... అయిపోతుంది. ఉండడు. ఊరికే పో... పోతాడు. ఇప్పుడిస్తే ఇద్దరు మంచివాళ్లు, రెం... రెండేళ్ల కొత్త కుర్రాళ్లని ముందు ఎంచుకునే హక్కు. మూ... మూడో ఏటికి మనమే..." చెయ్యి తెలియకుండానే గోడ మీది మూడో వరసవైపు లేచింది. దించేశాడు.

"హార్లన్‌కి ఇష్టమేనా?"

వెండెల్ కోటు గుండీ పెట్టుకున్నాడు.

రెండూ పదిహేను. నోరా ఇంకేమీ అడగలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఓస్లర్ విసుగ్గా గడియారం చూసుకున్నాడు. గదిలో వేడిగాలి గొట్టం చప్పుడు తప్ప ఏమీ లేదు. వెండెల్ రెండుసార్లు బాత్రూముకి వెళ్లొస్తానన్నాడు. "రెండున్నర దాటాక వెళ్దురు గాని," అంది నోరా. అతని పెదాలు తెల్లబడ్డాయి.

సరిగ్గా రెండున్నరకి అతని కోటు లోపల ఏదో గుర్రుమంది.

వెండెల్ కదల్లేదు. అది ఆగి మళ్లీ మొదలైంది. నుదుటి మీంచి చెమట కారి కంట్లో పడినా రెప్ప వెయ్యలేదు. అతని చూపు నోరా మీద లేదు, గోడ మీద ఉంది. ఇంకో అరగంటలో ఆ గోడంతా పనికిరాకుండా పోతుంది.

"టీగ్ అనుకుంటా," అంది నోరా నెమ్మదిగా. "ఇందాక ఆఫీసుకి కూడా చేశాడు. ఎత్తకపోతే వేరేవాళ్లతో కుదుర్చుకుంటాడేమో."

మూడోసారి మోగింది. వెండెల్ చెయ్యి లోజేబులోకి వెళ్లింది. ఫోన్ చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వీపు నిటారైంది. గడ్డం పైకి లేచింది.

"ఏరా బుడతా, ఆఫీసుకి ఫోన్ చేసి మా వాళ్లని హడలగొట్టావట?"

 వంటింటి రేడియోలోని గొంతు అది. పొగాకు గరగర, మాట చివర చిన్న దగ్గు, అన్నీ అవే. ఉదయం తను లిఫ్టు దాకా సాగనంపిన మనిషి ఆ గదిలో నిలబడి మాట్లాడుతున్నాడు.

"కాదురా, రెండో ఏడు హక్కు లేకుండా ప్రూట్ రాడు. వాడు నాకు కొడుకులాంటివాడు, చవగ్గా ఇస్తానా? ...నవ్వకు. ...నీ దగ్గరున్న ఆ పొడుగువాడికి వచ్చే ఏడు మోకాలికి ఆపరేషన్ తప్పదు, నాకు తెలీదనుకోకు. ...ఆ, అదీ మాట. లీగ్ వాళ్లకి చెప్పేసెయ్."

గుమ్మంలో ఉన్న ఓస్లర్ పక్కకి తూలాడు. రూత్ పరుగెత్తుకొచ్చింది. "హార్లన్!" అంది, మొహమంతా వెలిగిపోయి. కుర్చీకేసి చూసింది. ఖాళీ. అప్పుడు వెండెల్‌ని చూసింది. ఆమె నోటి నుంచి వచ్చిన చప్పుడు ఏడుపో అరుపో తెలియలేదు. నోరా లేచి ఆమెని పట్టుకుంది.

ఓస్లర్ గుమ్మానికి ఆనుకున్నాడు. "పదీ అయిదుకి..." అన్నాడు. 

"కారు పార్కింగ్‌లోంచి చేశాడు మీకు," అంది నోరా. "మీరే సాక్ష్యం చెప్తారని."

వెండెల్ ఫోన్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. నోరు తెరిచాడు. "నే... నే... నే..." మెడ నరాలు ఉబ్బాయి. "నే... ని..." కళ్లలో నీళ్లు వచ్చాయి. మాట రాలేదు. తలొంచుకున్నాడు. తల ఎత్తేసరికి మళ్లీ వీపు నిటారుగా ఉంది.

"వెండెల్ చెప్పలేడమ్మా," అంది హార్లన్ గొంతు. "నేను చెప్తా. నిన్న రాత్రి నాకు బుర్ర తేటగా ఉంది. ఎన్నో నెలల తర్వాత. వచ్చి గోడ చూశాను. ప్రూట్‌ని టల్సాలో పెట్టి ఉంది. పీకేశాను. తెల్లారగానే ఫోన్లు చేసి అందరికీ చెప్పేస్తా అన్నాను, రెండేళ్లుగా మాట్లాడింది నేను కాదని. ఆ బేరాలూ, ఆ గెలుపులూ నావి కావని. వెండెల్ బతిమాలాడు. నేను అతనికేసి చూసి 'ఎవరు బాబూ నువ్వు?' అన్నాను. పదహారేళ్లు పక్కనే ఉన్నాడు. నాకు స్నానం చేయించాడు. 'ఎవరు నువ్వు' అన్నాను. తొమ్మిదీ నలభై ఐదుకి తువ్వాలు తీసుకున్నాడు. నేను పెద్దగా పెనుగులాడలేదు, రూత్. నొప్పి తెలీలేదు. ఏడవకు."

రూత్ రెండు చెవులూ మూసుకుని నేల మీద కూర్చుండిపోయింది.

నోరా బేడీలు తీసి అతని చేతులకి వేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నోసార్లు అప్పజెప్పిన మాటలే.  మౌనంగా ఉండే హక్కు ఉందని చెప్పింది. లాయరు సంగతి చెప్పింది. "మీకు అర్థమైందా? నోటితో చెప్పాలి. మీ గొంతుతో."

వెండెల్ తలూపాడు. నత్తి వస్తుందని తెలిసినవాడిలా ముందే పెదాలు బిగించి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచాడు.

"అర్థమైంది," అంది హార్లన్ గొంతు.

అతను ఉలిక్కిపడ్డాడు. సంకెళ్లున్న చేతులతోనే గొంతు తడుముకున్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. తన పేరు చెప్పుకోబోయాడు. నెమ్మదిగా, కష్టంగా, పెదాలు కూడదీసుకుని.

"వెండెల్ క్రౌచ్." ఒక్క తడబాటు లేదు. మాట చివర చిన్న దగ్గు.

అతను నోరా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మొహం పసిపిల్లాడి మొహంలా వణికిపోతోంది. ఇంకోసారి నోరు తెరవడానికి భయపడి, రెండు చేతులతోనూ దాన్ని మూసేసుకున్నాడు.